తొలిప్రేమ కథల్లో అమ్మాయి విలువ ఎక్కడి నుంచి వస్తుంది?

(గ్రంథాలయ వారోత్సవాల సభలో ఒక ఆంగ్ల అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసిన పాఠం.)

పెద్దలందరికీ నమస్కారం. ముందు వరుసల్లో కూర్చున్న ఇంటర్, డిగ్రీ పిల్లలకు ప్రత్యేకంగా నమస్కారం. ఎందుకంటే ఈరోజు నేను మాట్లాడబోయేది మీరు చదివే పుస్తకాల గురించి. పాఠ్యపుస్తకం మధ్యలో దాచుకుని చదివే పుస్తకాల గురించి. నవ్వుతున్నారు, అంటే నిజమేనన్నమాట.

నాకంటే ముందు మాట్లాడిన పెద్దాయన ఒక మాట అన్నారు. ఈ వయసులో ప్రేమకథలు చదివితే పిల్లలు పాడైపోతారని. ఆయన మీద గౌరవంతోనే చెబుతున్నాను, ఆ మాట నేను ఒప్పుకోలేను. పదహారేళ్ల పిల్లకు ప్రేమ అనే ఊహ పుస్తకం చదివితేనే వస్తుందా? చదవకపోతే రాదా? చదివినా వస్తుంది, చదవకపోయినా వస్తుంది. నా దిగులు వేరే. పుస్తకం మూసేసరికి ఆ పిల్ల తన గురించి తాను ఏమనుకుంటోంది? ఎవరో ఒకరు నన్ను ఇష్టపడితే తప్ప నేనెందుకూ కొరగాను అనుకుంటోందా? ఈ ఒక్క ప్రశ్న పట్టుకుని కొన్ని పుస్తకాలు చూద్దాం. కొన్ని అమెరికావి, ఒకటి మనది.

మొదట నాకు బాగా ఇష్టమైన పుస్తకం. 'ఎలినార్ అండ్ పార్క్'. రాసినావిడ రెయిన్‌బో రోవెల్. అమెరికాలో 2013లో వచ్చింది. కథ జరిగేది మాత్రం 1986లో, ఒమాహా అనే ఊళ్లో. ఎలినార్‌కు పదహారేళ్లు. ఎర్రజుట్టు, లావుపాటి మనిషి, మగవాళ్ల చొక్కాలు వేసుకుంటుంది. స్కూలు బస్సు ఎక్కిన మొదటి రోజే అందరూ వెక్కిరిస్తారు. కూర్చోవడానికి ఎవరూ చోటివ్వరు. పార్క్ అనే అబ్బాయి విసుక్కుంటూ పక్కకు జరుగుతాడు. అంతే, కథ అలా మొదలవుతుంది. విసుగుతో మొదలవుతుంది.

తర్వాత ఏమవుతుందో చూడండి. ఎంత సున్నితంగా రాసిందో చూడండి. పార్క్ బస్సులో బొమ్మల కథల పుస్తకాలు చదువుకుంటూ ఉంటాడు. పక్కనున్న అమ్మాయి ఓరకంట తన పుస్తకమే చదువుతోందని కొన్నాళ్లకు కనిపెడతాడు. కనిపెట్టి ఏం చేస్తాడు? ఏమీ అనడు. పుస్తకాన్ని ఇంకాస్త వెడల్పుగా తెరిచి పట్టుకుంటాడు. పేజీ తిప్పే ముందు ఆగుతాడు, ఆమె కూడా చదవడం పూర్తికావాలని. ఇద్దరి మధ్య ఇంకా మాటే లేదు. ఒక్క మాట కూడా లేదు. పేజీ తిప్పడానికి ఆగడం మాత్రమే ఉంది. ఎదుటి మనిషి కోసం ఆగడం అన్నది ఎంత పెద్ద మర్యాదో ఈ పిల్లలకు నేను వేరే చెప్పాలా?

సరే, ఇది తొలిప్రేమ. మరి ఆత్మగౌరవం మాటేమిటి? అబ్బాయి ఇష్టపడ్డాడు కాబట్టి ఎలినార్‌కు తన మీద తనకు గౌరవం వచ్చేసిందా? రాలేదు. ఇక్కడే ఈ రచయిత్రి నిజం చెప్పింది. అతను ఎంత ఇష్టపడినా ఆ అమ్మాయి నమ్మదు. నాలో ఏం చూసి అని అనుమానపడుతుంది. ఎందుకు నమ్మదు? వాళ్ల ఇల్లు చూస్తే తెలుస్తుంది. తల్లి, సవతి తండ్రి ఉండే ఆ ఇంట్లో అయిదుగురు పిల్లలకు కలిపి ఒకే పడకగది. స్నానాల గదికి తలుపు లేదు. తలుపే లేదండీ. సవతి తండ్రి ఇంటికి వచ్చేలోపు, బడి నుంచి రాగానే గబగబా స్నానం ముగించుకోవాలి. ఆమె పాఠ్యపుస్తకాల అట్టల మీద ఎవరో బూతులు రాస్తుంటారు. బడిలో ఏడిపించే పిల్లలే రాస్తున్నారని మనమూ అనుకుంటాం, ఆమె కూడా అనుకుంటుంది. రాసింది ఇంట్లోవాడేనని చివర్లో తెలుస్తుంది.

పదహారేళ్ల ఆడపిల్ల నిర్భయంగా స్నానం చేయడానికి తలుపు లేని ఇంట్లో, తన మీద తనకు గౌరవం ఎలా పెరుగుతుంది? ఒక అబ్బాయి నువ్వు చాలా అందంగా ఉన్నావు అంటే పెరుగుతుందా? వంద సార్లు అన్నా పెరగదు. ఆమెకు కావలసింది పొగడ్త కాదు, తలుపు. నవలలో పార్క్ చేసే అతి పెద్ద పని ఏమిటో తెలుసా? ముద్దు పెట్టడం కాదు, పాటల క్యాసెట్లు ఇవ్వడం కాదు. ఆ ఇంట్లో ఇక ఉండలేని పరిస్థితి వచ్చినప్పుడు, రాత్రికి రాత్రి బండి నడుపుకుంటూ తీసుకెళ్లి మిన్నెసోటాలో ఉన్న ఆమె మామయ్య ఇంట్లో దింపి వస్తాడు. తను మాత్రం వెనక్కి వచ్చేస్తాడు. అతని ఉత్తరాలకు ఆమె నెలల తరబడి జవాబు రాయదు. చాలామంది పాఠకులకు దీని మీద కోపం. అంత ప్రేమించినవాడికి ఉత్తరం ముక్క రాయదా అని. నాకు కోపం లేదు. ఆ పిల్ల మొదటిసారి భయం లేకుండా నిద్రపోతోంది. ఆ నిద్ర పూర్తికానివ్వండి.

ఇంకొకటి కూడా చెప్పాలి. పార్క్ తల్లి కొరియా దేశస్థురాలు. ఆమెను, పార్క్‌ను చిత్రించిన తీరు మీద కొరియా మూలాలున్న పాఠకులు అభ్యంతరాలు చెప్పారు. అవి న్యాయమైన అభ్యంతరాలే. ఇష్టమైన పుస్తకం కాబట్టి ఆ మాట దాచకూడదు.

ఇప్పుడు దీనికి ఎదురుగా ఇంకొక పుస్తకం పెడతాను. స్టెఫెనీ మేయర్ రాసిన 'న్యూ మూన్'. 2005లో వచ్చిన 'ట్విలైట్'కు ఇది రెండో భాగం, 2006లో వచ్చింది. చేతులెత్తండి, ఎంతమంది చదివారు? సినిమా చూసినవాళ్లు కూడా ఎత్తవచ్చు. చూశారా, ఇంచుమించు అన్ని చేతులూ.

కథానాయిక బెల్లా పద్దెనిమిదో పుట్టినరోజు తర్వాత, ఆమె ప్రేమించిన ఎడ్వర్డ్ ఆమెను వదిలి వెళ్లిపోతాడు. తర్వాత పుస్తకంలో ఏముంటుంది? చదివినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. ఒక పేజీలో 'అక్టోబరు' అని ఉంటుంది, కింద ఏమీ ఉండదు. పేజీ తిప్పితే 'నవంబరు'. మళ్లీ 'డిసెంబరు'. మళ్లీ 'జనవరి'. నాలుగు నెలలకు నాలుగు మాటలు. ఆ అమ్మాయి బతుకులో రాయడానికి ఇంకేమీ లేదు.

నిజం చెప్పాలంటే రచనగా చూస్తే అది చాలా గొప్ప ఆలోచన. మనసు విరిగిన పిల్లకు రోజులు అలాగే ఉంటాయి. ఇక్కడ కూర్చున్నవారిలో అలాంటి నెలలు గడిపినవారు లేరని నేను అనుకోను. అందుకే ఆ పేజీలను ఎగతాళి చేసేవాళ్లంటే నాకు ఇష్టం ఉండదు. ఆ బాధ బూటకం కాదు. నా తగవు ఆ ఖాళీ పేజీలతో కాదు, వాటి తర్వాతి పేజీలతో. బెల్లా ప్రమాదంలో పడినప్పుడల్లా ఎడ్వర్డ్ గొంతు వినిపిస్తుంది. ఆ గొంతు వినడం కోసం మోటారు సైకిలు మీద ప్రాణం మీదికి తెచ్చుకుంటుంది, కొండచరియ మీద నుంచి సముద్రంలోకి దూకుతుంది. అతను తిరిగి వస్తాడు. వచ్చాకే అన్నీ సర్దుకుంటాయి. మరి ఆ నాలుగు నెలల్లో ఆమెకంటూ ఏమైనా మిగిలిందా? బెల్లా మొదటి నుంచీ తానొక మామూలు మనిషినని, చేతకానిదాన్నని, ఇంత గొప్పవాడు తననెందుకు కోరుకున్నాడో అర్థం కావడం లేదని అంటూనే ఉంటుంది. ఎలినార్ కూడా ఇదే మాట అంటుంది కదా? అంటుంది. ఇద్దరికీ ఒకటే జబ్బు. కానీ ఎలినార్‌కు ఆ జబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో రచయిత్రి మనకు చూపించింది, ఆ ఇంట్లోకి మనల్ని తీసుకెళ్లింది. బెల్లా విషయంలో ఆ అనుమానాన్ని ప్రేమలో ఒక భాగం చేసేశారు, అదే అందం అన్నట్టు రాశారు. పదిహేనేళ్ల పిల్ల అది చదివి, తనను తాను తక్కువ చేసుకోవడమే ప్రేమ లక్షణం అనుకుంటే తప్పు ఎవరిది?

అమ్మాయిలూ, మీరు ఆ పుస్తకం చదవవద్దని నేను అనడం లేదు. చదవండి. ఆ ఖాళీ పేజీల దగ్గర ఆగి, నేనైతే ఇక్కడ ఏం రాసుకునేదాన్ని అని ఒకసారి ఆలోచించండి. అక్టోబరులో మీ అమ్మ ఏమంది? మీ స్నేహితురాలు ఇంటికి వచ్చిందా? అరసంవత్సర పరీక్షలు ఎలా రాశారు? ఆ పేజీలు నిజంగా ఖాళీగా ఉంటాయా?

ఇంకొక పుస్తకం. 'డంప్లిన్'. జూలీ మర్ఫీ 2015లో రాసింది. టెక్సాస్‌లో ఒక చిన్న ఊరు. విల్లోడీన్ అనే లావుపాటి అమ్మాయి. వాళ్లమ్మ ఒకప్పుడు ఆ ఊరి అందాల పోటీలో గెలిచింది, ఇప్పుడు ఏటా ఆ పోటీ నడిపేది కూడా ఆవిడే. ఇంట్లో కూతురిని ముద్దుగా పిలిచే పేరే 'డంప్లిన్'. ఉడికించిన పిండి ముద్ద పేరు. అలాంటి పేర్లు మన ఇళ్లలో లేవా? బొండాం అని, గుమ్మడికాయ అని పిలవరా? పిలిచేవాళ్లకు అది ముద్దే.

విల్లోడీన్ సిగ్గుపడే పిల్ల కాదు. నేను లావు, అయితే ఏమిటి అనే రకం. ఆ ధైర్యం పిన్ని దగ్గర నేర్చుకుంది. ఆ పిన్ని కూడా లావుపాటి మనిషే, కథ మొదలయ్యేనాటికే చనిపోయింది. ఇలాంటి అమ్మాయి ఒక బర్గర్ల దుకాణంలో పని చేస్తూ, అక్కడే పనిచేసే బో అనే అందగాడిని ఇష్టపడుతుంది. అతనూ ఇష్టపడతాడు. మనం ఏమనుకుంటాం? ఇక ఆమె ధైర్యం రెట్టింపు అవుతుందనుకుంటాం. కానీ జరిగేది ఏమిటి? అతను దగ్గరకు తీసుకున్నప్పుడు అతని చేయి ఆమె వీపు మీద, నడుము మీద పడుతుంది. ఆ క్షణంలో ఆమె బిగుసుకుపోతుంది. ఈ మడతలు అతని చేతికి తగులుతున్నాయి కదా అనుకుంటుంది. అంతవరకు తన ఒళ్లు తనది. ఇప్పుడు మొదటిసారి ఇంకొకరి చేత్తో తన ఒంటిని తడుముకుని చూసుకుంది, చూసుకుని సిగ్గుపడింది.

ఇది చాలా కొత్త సంగతి, నా ఉద్దేశంలో చాలా ముఖ్యమైన సంగతి. ప్రేమ దొరికాక ఆత్మవిశ్వాసం తగ్గింది. తగ్గింది! అబ్బాయి తప్పు చేశాడా? లేదు. వెక్కిరించాడా? లేదు. ఇష్టపడ్డాడు, అంతే. తొలిప్రేమలో ఇలా జరుగుతుందని మనకు ఎవరైనా చెప్పారా? మీకు చెప్పారా అమ్మా? ఇంతకుముందు అద్దం ముందు నిలబడని పిల్ల ఒక్కసారిగా గంటసేపు నిలబడుతుంది. ఇంట్లోవాళ్లు సంబరంగా చూస్తారు, పిల్ల అలంకారం నేర్చిందని. లోపల ఆ పిల్ల తనలోని లోపాలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటూ ఉండవచ్చు.

విల్లోడీన్ ఏం చేసింది? నేను నీకు నచ్చానా, నిజంగా నచ్చానా అని అతన్ని పదేపదే అడుగుతూ కూర్చోలేదు. పిన్ని వస్తువుల్లో ఒక పాత కాగితం దొరుకుతుంది. అమ్మ నడిపే ఆ అందాల పోటీకి పిన్ని ఎప్పుడో తెచ్చుకుని, పూర్తి చేయకుండా వదిలేసిన దరఖాస్తు. అంత ధైర్యవంతురాలు కూడా ఆ ఒక్కచోట వెనక్కి తగ్గిందన్నమాట. అది చూసి విల్లోడీన్ ఆ పోటీలో తన పేరు నమోదు చేసుకుంటుంది. ఆమెను చూసి, ఆ ఊళ్లో అందగత్తెలని ఎవరూ అనని ఇంకొందరు అమ్మాయిలు కూడా చేరతారు. పోటీలో ఆమె గెలవదు. గెలిపిస్తే పుస్తకం చెడిపోయేది. నేను గమనించింది ఏమిటంటే, పోగొట్టుకున్నది ఆమె అబ్బాయి చెంత వెతకలేదు. చనిపోయిన పిన్ని దగ్గర వెతికింది, తోటి ఆడపిల్లల దగ్గర వెతికింది. ఈ ప్రేమకథలో బరువంతా మోసేది ఆ పిన్నే.

ఇక మన దగ్గరికి వద్దాం. ఇక్కడున్న అమ్మలకు, అమ్మమ్మలకు ఒక ప్రశ్న. 'సెక్రటరీ' ఎంతమంది చదివారు? అదిగో, వెనక వరుసలు ఒక్కసారిగా మేలుకున్నాయి. యద్దనపూడి సులోచనారాణిగారు 1960లలో 'జ్యోతి' మాసపత్రికలో ధారావాహికగా రాసిన నవల. 1976లో సినిమాగా వచ్చింది. అద్దె పుస్తకాల షాపుల్లో ఆ పుస్తకం అట్ట చిరిగిపోయేదాకా చేతులు మారింది. జయంతి, రాజశేఖరం. ఈ రెండు పేర్లు చెబితే చాలు, ఒక తరం ఆడవాళ్ల కళ్లు ఇప్పటికీ మెరుస్తాయి.

ఆ నవలల మీద విమర్శలు మనకు తెలుసు. నాయకుడు ఆరడుగుల అందగాడు, పెద్ద కారు, పెద్ద బంగళా. ఆడపిల్లలను కలల్లో ముంచారని చాలామంది తప్పుబట్టారు. ఆ విమర్శలో నిజం ఉంది. కానీ ఆ విమర్శకులు ఇంకొక సంగతి సరిగా చూడలేదని నా నమ్మకం. జయంతి ఉద్యోగం చేసుకునే అమ్మాయి. తన జీతం మీద తాను బతుకుదామనుకునే అమ్మాయి. ఎంత డబ్బున్నవాడైనా మాట తూలితే తల ఎత్తి జవాబు చెబుతుంది. పెళ్లి సంబంధం కుదిరిందని తండ్రి చెబితే తల వంచుకుని లోపలికి వెళ్లడం తప్ప ఇంకేమీ తెలియని పిల్లలు అది చదివారు. మగవాడి ముందు అలా నిలబడవచ్చని మొదటిసారి అక్కడ చూశారు. అది చిన్న విషయమా?

అయినా నాకొక అసంతృప్తి ఉంది. అభిమానంతోనే చెబుతున్నాను, 2018లో సులోచనారాణిగారు పోయినప్పుడు కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ నవలల్లో నాయిక ఆత్మాభిమానం ఎవరి ముందు కనిపిస్తుంది? ఎక్కువగా నాయకుడి ముందే. అతన్ని కాదనడంలోనే ఆమె విలువ తెలుస్తుంది, ఆ విలువను గుర్తించి చివరికి చేయి అందించేదీ అతనే. ఒక్కతే ఉన్నప్పుడు ఆమె తన గురించి ఏమనుకుంటుంది? ఆఫీసులో ఆ రోజు చేసిన పని చూసుకుని ఆమె సంతోషించిందా? ఆ పేజీలు ఇంకొన్ని ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది.

ఇప్పటిదాకా ఆడపిల్లల సంగతే చెప్పాను. అబ్బాయిలు మాకేం సంబంధం అన్నట్టు ఫోన్లు చూసుకుంటున్నారు. ఒక్క నిమిషం ఫోన్లు పక్కన పెట్టండి బాబూ. అసలు మాట మీతోనే.

2008 డిసెంబరులో వరంగల్‌లో ఇద్దరు ఇంజినీరింగ్ విద్యార్థినుల మీద యాసిడ్ పోశారు. వారిలో ఒకమ్మాయి ప్రేమను కాదన్నదని. వారిలో ఒక అమ్మాయి చనిపోయింది. మీరు అప్పటికి పసిపిల్లలు, కొందరు పుట్టి కూడా ఉండరు. మాకు మాత్రం ఆ రోజులు ఇంకా కళ్లముందే ఉన్నాయి. ఆ తర్వాత 2013లో చట్టం మారింది, యాసిడ్ దాడికి ప్రత్యేక శిక్ష వచ్చింది, అమ్మాయి వద్దన్నా వెంటపడటం కూడా నేరమైంది. చట్టం రావలసిందే. కానీ అంతకు ముందు ప్రశ్న ఒకటి ఉంది. ఒక అమ్మాయి నాకు ఇష్టం లేదు అంటే, ఆ మాట ఒక అబ్బాయికి ప్రాణాంతకమైన అవమానం ఎందుకైంది? తన విలువ మొత్తం ఆమె అవుననడం మీదే నిలబడి ఉందని అతనికి ఎవరు నేర్పారు? బెల్లాకు జరిగిందే అతనికీ జరిగింది, ఎదుటి మనిషి లేకపోతే పేజీ ఖాళీ. ఆడపిల్ల ఆ ఖాళీలో తనను తాను హింసించుకుంటోంది. అలాంటి అబ్బాయి ఎదుటి మనిషి మీద పడుతున్నాడు.

మన సినిమాల్లో నాయకుడు అమ్మాయి కాదన్నా వెంటపడతాడు, పాట పాడతాడు, ఆమె చివరికి ఒప్పుకుంటుంది. కాదన్నప్పుడు అర్థం చేసుకుని, బాధపడి, ఇంటికి వెళ్లి, అమ్మ పెట్టిన అన్నం తిని, మర్నాడు కాలేజీకి వచ్చి ఆ అమ్మాయిని చూసి తల తిప్పుకోకుండా పలకరించే అబ్బాయి కథ మనకు ఎన్ని ఉన్నాయి? వేళ్ల మీద లెక్కపెట్టండి. అలాంటి అబ్బాయి లోకంలో లేడా? ఉన్నాడు. ఈ హాల్లోనే ఉన్నాడు. కథలోకి రాలేదు, అంతే.

తల్లిదండ్రులకు ఒక్క మాట చెప్పి ముగిస్తాను. జూడీ బ్లూమ్ అనే అమెరికన్ రచయిత్రి 1975లో 'ఫరెవర్' అనే నవల రాసింది. ఎందుకు రాసింది? చిన్న వయసులో ఉన్న ఆమె కూతురు అడిగిందట, ఇద్దరు మంచి పిల్లలు ప్రేమించుకుని దగ్గరైనా చివరికి ఎవరూ చావనక్కరలేని కథ ఒకటి రాయమ్మా అని. ఆ అడగడం గమనించారా? ఆ కూతురు చదివిన కథలన్నిటిలో ఎవరో ఒకరు చస్తున్నారన్నమాట, శిక్ష పడుతోందన్నమాట. తల్లి రాసింది. ఆ నవలలో అబ్బాయి తను ప్రేమించిన అమ్మాయికి 'ఎప్పటికీ' అన్న మాట చెక్కించిన గొలుసు ఇస్తాడు. ఆ ప్రేమ ఎప్పటికీ నిలవదు. వేసవిలో పిల్లల శిబిరంలో టెన్నిస్ నేర్పడానికి వెళ్లినప్పుడు ఆమె మనసు మారుతుంది. ప్రేమించినందుకు ఎవరూ చావరు. ఎవరూ ఎవరినీ చంపరు. ఏడుస్తారు, తర్వాతి రోజులోకి నడుస్తారు. ఆ అమ్మాయి అంత నిబ్బరంగా ఎలా ఉండగలిగింది? ఇంట్లో ఆమెతో మాట్లాడేవాళ్లు ఉన్నారు. అమ్మమ్మ ఏకంగా కుటుంబ నియంత్రణ కరపత్రాలు పోస్టులో పంపుతుంది! ఆ నవలను ఎన్నో బడుల గ్రంథాలయాల నుంచి తీసేయించాలని చూశారు. అమెరికాలోనే. మన ఇళ్లలో అంత దూరం వెళ్లనక్కరలేదు. మీ అమ్మాయి చేతిలో ప్రేమకథ కనిపిస్తే లాక్కోకుండా, కథలో పిల్ల బాగుందా, ఆ అబ్బాయి ఎలాంటివాడు అని అడగగలరా? అడిగి, చెప్పేది పూర్తిగా వినగలరా? రేపు కథలో అబ్బాయి గురించి కాకుండా నిజం అబ్బాయి గురించి చెప్పవలసి వచ్చినప్పుడు ఆ పిల్ల మీ దగ్గరికే వస్తుంది.

తెలుగులో పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకంటూ ఒక అల్మారా ఈ గ్రంథాలయంలో లేదు. ఇంతకుముందే లైబ్రేరియన్‌గారిని అడిగాను. పిల్లల కథలు ఒక గదిలో, పెద్దల నవలలు ఇంకొక గదిలో ఉన్నాయి. ఈ రెంటికీ మధ్యనున్న వయసు వాళ్లకు వరండాయే. నేను చెప్పిన ఇంగ్లిషు పుస్తకాలు బల్ల మీద పెట్టాను, పేరు రాసి తీసుకెళ్లవచ్చు. తెలుగువి మీరే రాయాలి. మన బస్సు, మన ట్యూషన్, మన సంక్షేమ హాస్టలు, తలుపు గొళ్లెం సరిగా పడని మన హాస్టలు స్నానాల గది, ఇవన్నీ ఉన్న కథ. రాసిన పేజీలు లైబ్రేరియన్‌గారికి ఇస్తే ఆయన నాకు అందజేస్తానన్నారు, ప్రతి పేజీ చదివి జవాబు రాస్తాను. ఇక ప్రశ్నలు అడగండి. ముందు ఆ మూడో వరుసలో అమ్మాయి, ఇందాకటి నుంచి చేయి ఎత్తుతోంది.